రెండు సుగ్గులు

దీపావళి దాటిన పిదప కర్నూలు జిల్లా పడమటి పల్లెలలో వేకువజామున వీథిలోనికి వచ్చి చూచినచో ఒక దృశ్యము కంటబడును. ఇండ్ల ముందు మూటలు సిద్ధముగా నుండును. ఒక దానిలో జొన్నలు, బియ్యము. ఒక దానిలో వంటపాత్రలు. ప్రక్కన చాపలు, దుప్పట్లు, నీళ్ల బిందె. లారీయో బస్సో వచ్చి ఊరి కట్టకడ నిలుచును. పెద్దలు, పిల్లలు, చంకబిడ్డల తల్లులు అందులో ఎక్కుదురు. గంట గడచునప్పటికి వీథిలో సగము తలుపులకు తాళములు పడును. ముసలివారు మాత్రము అరుగులమీద మిగులుదురు. దీనినే మనవారు సుగ్గికి పోవుట అందురు.

సుగ్గి అను మాట కన్నడమునుండి మనకు వచ్చినది. ఆ భాషలో దానికి పంటకోతల కాలమని అర్థము. ఆదోని ప్రాంతము 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉండెను. నేటికిని మన సంతలలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. కావున ఆ మాట మన నోట చేరుట వింత కాదు. అయితే అక్కడ సుగ్గి యనగా తన చేని పంటను తన ఇంటికి తెచ్చుకొను సంతోష సమయము. ఇక్కడ సుగ్గి యనగా పరుల చేని పంటను కోయుటకు తన ఇల్లు విడిచిపోవు సమయము. ఊరు మారగానే ఒక్క మాట ఎంత బరువెక్కినదో చూడుడు.

మనవారు ఏల పోవుచున్నారు? ఆదోని పేరు చెప్పగానే ప్రత్తి జ్ఞాపకము వచ్చును. బండ్లలోను, లారీలలోను వచ్చిన ప్రత్తి అక్కడి మార్కెట్టులో తెల్లని గుట్టలుగా పడియుండును. ఎమ్మిగనూరు పేరు చెప్పగానే మగ్గము జ్ఞాపకము వచ్చును. అక్కడ 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఏర్పడిన చేనేత సహకార సంఘము ఎన్నియో కుటుంబములకు కూడు పెట్టెను. కాని ప్రత్తి చేలలో అధికభాగము వాననే నమ్ముకొన్నవి. తుంగభద్ర దిగువ కాలువ నీరు కొన్ని ఊళ్లకు అందును, కొన్నింటికి అందదు. వాన తప్పిన యేడు పంట తప్పును. వాన పడిన యేడు సయితము ప్రత్తి తీసిన పిదప చేనిలో పని యుండదు. అదే కాలమున గుంటూరు, పల్నాడు సీమలలో ప్రత్తి తీయుటకును, తరువాత పండుమిరప కోయుటకును వేలకొలది చేతులు కావలసియుండును. ఇక్కడ పని లేని చేతులు అక్కడి పనిని వెదకికొని పోవును. మరికొందరు కట్టడపు పనులకై బెంగళూరు చేరుదురు. ఉగాది వెళ్లిన పిదప, ఎండలు ముదిరినప్పుడు, తాళములు మరల తెరచుకొనును.

క్రొత్తచోట కాపురము నిలుపుట ఒక విద్య. దానిని పుస్తకములలో వ్రాసినవారు లేరు. కాని సుగ్గికి పోవు ప్రతి ఇల్లాలును ఎరుగును. లారీ దిగిన గంటలోపల నీరెక్కడ దొరకునో తెలిసికొనవలెను. గాలి ఏవైపునుండి వీచునో చూచి గుడిసె వాకిలి పెట్టవలెను. అంగడియు, ఆసుపత్రియు ఎంత దూరమో అడుగవలెను. ప్రొద్దు క్రుంకకమునుపే పొయ్యి వెలిగింపవలెను. మరునాటి ఉదయమునకు ఆమె ఆ చేనిలో పుట్టి పెరిగినదానివలె పనిలోనికి దిగును. మా ఊరి అవ్వ యొకతె ఈ విద్యలో ఆరితేరినది. నేను చెప్పబోవునది ఆమె మనుమని కథ.

అప్పుడు నేను ఎమ్మిగనూరునకు పడమటనున్న ఒక పల్లెలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడను. ఆ పాఠశాలలో జూన్ మాసపు హాజరు పట్టీ ఒక తీరు, నవంబరు మాసపు హాజరు పట్టీ వేరొక తీరు. నవంబరునుండి పేరు వెంట పేరునకు ఎదుట గైర్హాజరు గుర్తులు వరుసగా పడుచుండును. అవి మార్చివరకు సాగును. ఏప్రిలులో తిరిగివచ్చిన పిల్లవానికి పాఠములు అందవు, పరీక్ష తప్పును, మరుసటి యేడు బడికి వచ్చుటకు సిగ్గుపడును. అంతటితో ఆ పేరు పట్టీనుండి తొలగిపోవును. ముప్పది యేండ్ల ఉద్యోగములో నేను ఎన్ని పేర్లను ఎఱ్ఱసిరాతో కొట్టివేసితినో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టుటకు మనసొప్పలేదు.

2013వ సంవత్సరమున ఆ అవ్వ మనుమడు మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుండెను. దీపావళి మరునాడు వాని తండ్రి నా కడకు వచ్చి, “సార్, పిల్లోణ్ణి తీసుకపోతున్నాం. చిన్నపాపను చూసుకునేదానికి ఎవరూ లేరు” అని చెప్పెను. సుగ్గి ఊళ్లలో ప్రభుత్వము సీజనల్ హాస్టళ్లను నడుపుచుండినను ఆ యేడు మా ఊరిలో అది లేదు. నేను నాకు తోచినంత చెప్పితిని. ఆయన తలవంచుకొని వినెను గాని మారుపలుకలేదు. ఇంటిలో అప్పు కలదు. మేస్త్రీ కడ ముందుగా తీసికొన్న పైకము కలదు. నా మాటలు ఆ రెండింటిని తీర్చగలవా?

ఆ సాయంకాలమే అవ్వ బడికి వచ్చెను. వరండా స్తంభము నానుకొని నిలిచి ఇట్లనెను: “సార్, ఒక యేడు సుగ్గిలో మేస్త్రీ పుస్తకంలో మా కూలి దినాలు తక్కువ పడినాయి. నేను గోడమీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకున్నా. గీతలు చూపిస్తే, గోడమీద గీతలు ఎవరైనా గీస్తారు, పుస్తకంలో ఏముందో చదువు అన్నారు. నేను చదవలేను గదా. ఆ దినం నుంచి నాకు పుస్తకమంటే భయం. వీడికి ఆ భయం వద్దు. నేను ఈ యేడు పోను. పాపనూ, వాణ్ణీ నేను చూసుకుంటా. వాడు బడికి రానీ.”

ఆ మాట చెప్పుట సులభము, నిలుపుకొనుట కష్టము. ఆమె సుగ్గికి పోనందున ఆ ఇంటికి ఒక మనిషి కూలి తగ్గెను. ఆ లోటును పూడ్చుటకు ఆమె ఊరిలోనే దొరకిన పని యెల్ల చేసెను. పాప ఆమె చంకనుండెను. పిల్లవాడు బడిలో నుండెను. ఆ యేడు నవంబరు పట్టీలో వాని పేరునకు ఎదుట హాజరు గుర్తు పడెను. పదవ తరగతివరకు మరి ఏ యేడును అది తప్పలేదు. పిదప అతడు ఎమ్మిగనూరులో ఇంటర్మీడియటు, ఆదోనిలో డిగ్రీ చదివి, బెంగళూరులో ఒక ఉద్యోగమున చేరెను.

కొన్నాళ్లకు అతడు ఒక వింత వార్త తెచ్చెను. ఆస్ట్రేలియా దేశము 1975నుండి కొన్ని దేశముల యువకులకు ఒక విధమైన అనుమతి నిచ్చుచున్నది. వారు ఒక సంవత్సరము ఆ దేశమున తిరిగి చూడవచ్చును. తిరుగుటకు కావలసిన ఖర్చును అక్కడనే పనిచేసి సంపాదించుకొనవచ్చును. 2022లో మన దేశమునకును, ఆ దేశమునకును కుదిరిన వర్తక ఒప్పందములో ఈ అవకాశము భారతీయులకు గూడ లభించెను. 2024 అక్టోబరులో మొదటిసారి దరఖాస్తులు పిలిచిరి. వయస్సు 18 మొదలు 30 వరకు. ఏడాదికి వేయి మందికి మాత్రమే అవకాశము. అడుగువారు మిక్కిలి పెక్కుమంది గనుక చీటీలు తీసి ఎన్నుకొనుట. చీటీలో పేరు చేర్చుటకు 25 డాలర్ల రుసుము. పాఠశాల చదువు ముగిసిన పిదప కనీసము రెండేండ్ల పైచదువు, కొంత ఇంగ్లీషు, చేతిలో 5000 డాలర్ల పైకము ఉండవలెను. మనవాని పేరు ఆ చీటీలో వచ్చెను. ఆ అనుమతికి వర్క్ అండ్ హాలిడే వీసా అని పేరు.

అతడు ఆ పేరునకు అర్థము చెప్పగా అవ్వ నవ్వి, “సెలవంటే పని లేకపోవడం గదా నాయనా! పనికి పోతా దాన్ని సెలవంటారా? అది సుగ్గే, పో” అనెను.

ఆమె పరిహాసమునకే అన్నను ఆ మాట సత్యమునకు దూరము కాదు. పరదేశమునకు పనికి పోవుట తెలుగువారికి క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమున గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారు మారిషసు ద్వీపమునకు, బర్మాకు పోయిరి. రేవు పేరే వారి పేరై, ఆ దేశములలో వారిని కోరంగీలని పిలిచిరి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మదరాసునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. ఆ ఓడతో మొదలై నెటాలు చెరకుతోటలకు పోయిన కూలివారిలో తెలుగువారును పలువురు. వారు అయిదేండ్ల ఒప్పందమునకు కట్టుబడిన కూలీలు. చదువనేరని కాగితముపై వ్రేలిముద్ర వేసి, ఏ యజమాని కిందకు పంపిన ఆ యజమాని కిందనే గడువు తీరువరకు పనిచేయవలసియుండెను. పని విడిచినచో శిక్ష. రంగూనులో బియ్యపు మిల్లులలోను, ఓడరేవులోను పనిచేసిన తెలుగువారిని మేస్త్రీలు ముందుగా పైకమిచ్చి తీసికొనిపోయిరి. ఆ అప్పు తీరువరకు వారిచేతులు వారివి కావు. 1930 మే మాసమున రంగూను రేవులో పనికై జరిగిన ఘర్షణ తెలుగు కూలీలకును, బర్మావారికిని నడుమ గొప్ప అల్లరియై అనేకుల ప్రాణములు గొనెను. 1942లో జపాను దండెత్తి వచ్చినప్పుడు లక్షలకొలది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశమునకు మరలిరి. దారిలో రాలిపోయినవారు పలువురు. ఒప్పందపు కూలీలను పంపుట 1917లో నిలిచెను. కాని ముందు పైకమునకు వ్రేలిముద్ర వేయు అలవాటు మన పల్లెలను అంత త్వరగా విడువలేదు.

2025 జూన్ మాసమున మనవాడు బయలుదేరెను. ఎమ్మిగనూరు బస్సు స్టాండులో అవ్వ వానికి నాలుగు మాటలు చెప్పెను. నేను ప్రక్కనే యుంటిని. “పోయినచోట మొదట నీళ్లు యాడుండాయో చూసుకో, తర్వాతే గుడిసె. పక్క గుడిసెవాళ్లతో మొదటి దినమే మాట కలుపు. జరమొస్తే వాళ్లే దిక్కు. తిరుగు ఛార్జీ కొంగున ముడేసుకో, ఎంత ఆకలైనా ముడి విప్పొద్దు. కూలి నువ్వే లెక్కపెట్టుకో.” కొంగు లేని మనుమడు నవ్వుచు తలయూపెను.

అతడు చేరిన నగరము మెల్‌బోర్ను. ఆ దేశపు ఆగ్నేయమూలనున్న విక్టోరియా రాష్ట్రమునకు అది రాజధాని. యారా నది నగరము నడుమ పారుచుండును. అక్కడినుండి అతడు సెల్‌ఫోనులో నాకు తెలుగున దీర్ఘమైన ఉత్తరములు వ్రాయుచుండెను. మొదటి ఉత్తరములో ఇట్లు వ్రాసెను: “సార్, ఇక్కడ సూర్యుడు దక్షిణానికి రాడు. మధ్యాహ్నం ఉత్తరాన నిలబడతాడు. మొదటి రోజు దిక్కులు తప్పి బసకు వెనకవైపుగా నడిచిపోయినాను. చందమామ కూడా తలకిందులుగా ఉన్నాడు. మనకు ఎండలు తగ్గే నెల వీళ్లకు చలికాలం.” భూగోళ పాఠమున దక్షిణార్ధగోళమని నేను పలుమారులు బోర్డుమీద గీసితిని. దాని అర్థము వానికి ఆనాడు వీథిలో తెలిసినది. అక్కడి గడియారము జూన్ నెలలో మన గడియారమునకు నాలుగున్నర గంటలు ముందుండును. అతడు పనికి పోవు వేళకు అవ్వ ఇంకను నిద్ర లేవదు. తన కష్టము చెప్పుకొనవలెనన్న వేళకు వినువారు నిదురించుచుందురు. క్రొత్త నగరమున మొదటి దుఃఖము ఇదియే.

అవ్వ చెప్పిన నీళ్లు అక్కడ కుళాయిలోనే యుండెను. కాని నగరమున నీటివంటి వస్తువులు వేరే కలవని అతడు గ్రహించెను. ఒకటి ఫోను నెంబరు. రెండవది బ్యాంకు ఖాతా. మూడవది పన్ను సంఖ్య. ఈ మూడును లేనిదే కూలి చేతికి సరిగా రాదు. పన్ను సంఖ్యను ప్రభుత్వ పన్నుల శాఖ ఉచితముగానే ఇచ్చును; దానికై దళారికి పైకమియ్య నక్కరలేదు. ఆపదలో మూడు సున్నలు నొక్కినచో పోలీసులు, అంబులెన్సు, అగ్నిమాపక దళము పలుకును. ఇవి తెలిసికొన్న పిదపనే అతడు గది వెదకెను.

గదియును సులభముగా దొరకలేదు. నగరము నడుమ అద్దె మిక్కిలి హెచ్చు. దూరమున, రైలు స్టేషనునకు చేరువగా, మరి ముగ్గురితో కలిసి ఒక ఇల్లు తీసికొనెను. అద్దెకు ముందు జామీను పైకము చెల్లింపవలెను. ఆ పైకమును యజమాని తన పెట్టెలో దాచుకొనరాదు. ప్రభుత్వ జామీను సంస్థలో జమచేయవలెను. అతడు ఆ రసీదు చేతికి వచ్చువరకు అడుగుట మానలేదు. ఆ ముగ్గురిలో ఒకడు నేపాలీ, ఒకడు కొలంబియా దేశస్థుడు, ఒకడు పంజాబీ. అవ్వ మాట ప్రకారము మొదటిరాత్రియే వారికి చిత్రాన్నము వండిపెట్టెను. రెండు వారములకు జ్వరము రాగా గంజి కాచియిచ్చినవాడు కొలంబియావాడే.

పని వెదకుటయే అసలు పరీక్ష. ప్రపంచములో మిక్కిలి పెద్దదైన ట్రాము మార్గముల అల్లిక మెల్‌బోర్నులో కలదు. నగర మధ్యభాగమున దానిలో ఎక్కుటకు రుసుము లేదు. అతడు ఆ భాగము దాటకుండ ఉదయమునుండి సాయంకాలమువరకు అంగడి వెంట అంగడికి తన వివరముల కాగితము నిచ్చుచు తిరిగెను. డిగ్రీ చదివినవానికి పాత్రలు కడుగు పని దొరకెను. “సార్, మొదటి రోజు ఏడుపు వచ్చింది. చదివింది దేనికి అనిపించింది. తర్వాత అవ్వ జ్ఞాపకం వచ్చింది. ఆమె చేసిన ఏ పనినీ నేను చిన్నపని అనుకోలేదు. మరి నా పని ఎట్లా చిన్నదౌతుంది?” అని వ్రాసెను. ఆ ఉత్తరమును నేను నా భార్యకు చదివి వినిపించితిని. చదువు మనిషిని పనికి దూరము చేయునని కొందరందురు. ఆ ఉత్తరము వారికి బదులు.

ఒకచోట వానికి అన్యాయము జరిగెను. పని వచ్చునో రాదో చూచెదమని ఒక భోజనశాలవారు మూడు దినములు పనిచేయించుకొని, కూలి ఈయక పంపివేసిరి. పని తెలియుటకు చూచు సమయము కొద్దిసేపే యుండవలెననియు, అంతకు మించినదానికి కూలి ఈయవలెననియు ఆ దేశపు చట్టము. అతడు తీరికవేళ 1856లో తెరవబడిన విక్టోరియా రాష్ట్ర గ్రంథాలయమునకు పోయి, అచటి ఉచిత ఇంటర్నెట్టులో కూలివారి హక్కులను చూచు ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ కార్యాలయపు పుటలు చదివెను. 2025 జూలై 1నుండి కనీస వేతనము గంటకు 24.95 డాలర్లు, కూలి ఇచ్చిన ఒక పనిదినములోపల వేతన చీటి ఈయవలెను, పాస్‌పోర్టును యజమాని తన కడ ఉంచుకొనరాదు. ఆ మూడు దినముల గంటలను తేదీలతో ఒక పుస్తకమున వ్రాసియుంచెను గనుక, వాటిని చూపి, చట్టపు మాటలను మర్యాదగా ఎత్తి, ఒక ఉత్తరము వ్రాసెను. వారమునకు వాని కూలి ఖాతాలో పడెను. గోడమీది బొగ్గుగీతలకు దొరకని న్యాయము పుస్తకములోని అక్షరములకు దొరకెను.

ఆ అనుమతిపై వచ్చినవారు సాధారణముగా ఒక యజమాని కడ ఆరు మాసములకు మించి పనిచేయరాదు. మరి యొక సంవత్సరము ఉండగోరువారు నగరము విడిచి నిర్ణీత ప్రాంతములలో మూడు మాసములు నిర్ణీతమైన పనులు చేయవలెను. తోటలలో పండ్లు కోయుట అట్టి పనులలో నొకటి. అందుచే 2026 ఫిబ్రవరిలో అతడు మెల్‌బోర్నునకు వాయవ్యముగా అయిదు వందల కిలోమీటర్లకు పైగా దూరమున, ముర్రే నది ఒడ్డున నున్న మిల్డురా అను ఊరు చేరెను. అది వాన తక్కువైన మెట్టభూమి. 1887లో నదినుండి నీరు పెట్టి సాగుచేయ మొదలిడిరి. నేడది ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. ఆ ఎఱ్ఱమట్టిని, ఎండను చూచి తనకు ఊరు చేరినట్లే తోచినదని వ్రాసెను.

అదే వారమున వాని తల్లి గుంటూరు సీమలో మిరపకాయలు కోయుచుండెను. ఇంటి అప్పు ఇంకను పూర్తిగా తీరలేదు. ఒకనాటి సాయంకాలము కొడుకు ఆమెకు ఫోను చేసెను. ఆ సంభాషణను అతడే నాకు తరువాత చెప్పెను.

“ఏం పని నాయనా?”

“ద్రాక్ష కోస్తున్నామ్మా.”

“అయితే నువ్వూ సుగ్గికే వచ్చినావన్నమాట. దినకూలీనా, కిలోల లెక్కా?”

“పెట్టెల లెక్క. కానీ పెట్టెలు ఎన్ని నిండినా, గంటకింత అని చట్టం చెప్పినదానికి తగ్గించి ఇయ్యకూడదు. 2022లో మార్చినారంట.”

“అట్లని ఎవరు చెప్పినారు? మేస్త్రీనా?”

“మేస్త్రీ కాదమ్మా. కాగితంలో ఉంది.”

“నువ్వే చదివినావా?”

“నేనే చదివినా. చదివినాకే చేవ్రాలు చేసినా.”

ఆమె కొంతసేపు మాటలాడలేదట. పిదప, “అట్లయితే సరే. పొద్దు పోయింది, తిని పడుకో” అనెనట.

బాలబాలికలారా! తల్లి చేసినదియు కోతయే. కొడుకు చేసినదియు కోతయే. ఇద్దరి వీపులకును ఎండ తగిలెను. ఇద్దరి వ్రేళ్లును మండెను. పనిలో హెచ్చుతగ్గులు లేవు. భేదమంతయు కాగితము దగ్గర నున్నది. ఒకరు ఒప్పందమును చదివి చేవ్రాలు చేసిరి. ఒకరు వినికిడిమీద నమ్మి పోయిరి. ఒకరికి నచ్చనిచో విడిచిపోవు స్వేచ్ఛ కలదు. ఒకరికి ముందు పైకపు ముడి కలదు. కనీస వేతనమును గూర్చి మన దేశమునను 1948లోనే చట్టము చేసిరి. చట్టముండుట ఒకటి, దానిని చదివి అడుగగలుగుట మరియొకటి. ఆస్ట్రేలియాలో సయితము అడుగనివానికి ఆ మూడు దినముల కూలి దొరకియుండెడిది కాదు.

కాబట్టి సుగ్గికి పోవు తల్లిదండ్రులను తలచి ఎవరును సిగ్గుపడవలదు. తెలియనిచోట గంటలో పొయ్యి వెలిగించు నేర్పు, ప్రక్కవారితో పొత్తు, తిరుగు ఛార్జీని ముట్టని నిగ్రహము మనకు వారిచ్చిన ఆస్తి. ఏ దూరదేశపు నగరములోనైనను అది పనికివచ్చును. వారికి లేక మీకు దొరకినది ఒక్కటే: చదువు. నవంబరు వచ్చినప్పుడు దానిని లారీ ఎక్కింపకుడు. ఇంట మాటలాడి చూడుడు. ఉపాధ్యాయుల సాయము అడుగుడు. హాస్టలు కలదేమో విచారింపుడు. అవ్వయో, అత్తయో ఊర నిలువగలరేమో అడుగుడు. ఇంత చేసినను తప్పక పోవలసివచ్చిన తోటివాడు ఉగాదికి తిరిగివచ్చినప్పుడు వానిని ఎగతాళి చేయక, మీ నోటు పుస్తకములను వానికిండు. వాని చోటు వానికి విడిచిపెట్టుడు.

ఆ అవ్వకు ఇప్పుడు కనుచూపు మందగించినది. మొన్న నేను వారి ఇంటికి పోగా, మనుమడు పంపిన ఒక వేతన చీటి అచ్చుప్రతిని తెచ్చి నా చేతికిచ్చెను. “ఇది ఏం చెబుతాది సార్?” అని అడుగగా, ఎన్ని గంటలు, ఎంత కూలి, ఎంత పన్ను అని వరుసగా చదివితిని. ఆమె వ్రేళ్లమీద లెక్కపెట్టుచు వినెను. చివరకు, “సరిపోయింది” అని చెప్పి, ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసికొనెను.

ప్రశ్నలు

1. సుగ్గి అను మాటకు కన్నడమునందును, మన ప్రాంతమునందును గల అర్థభేదమేమి?

2. అవ్వ ఒక యేడు సుగ్గికి పోక ఊరనే నిలుచుటకు కారణమేమి? దానివలన ఆ ఇంటికి కలిగిన నష్టమేమి, లాభమేమి?

3. మెల్‌బోర్ను నగరమున మనుమడు అవ్వ చెప్పిన మాటలను ఎట్లు ఉపయోగించుకొనెను?

4. మీ ఊరినుండి పనికై దూరప్రాంతమునకు పోయివచ్చిన ఒకరిని కలిసికొని, వారు అక్కడ మొదటిదినము ఎట్లు గడపిరో అడిగి, ఒక పుటలో వ్రాయుడు.